వృద్ధపోషణమును రైతుబజారును

తెలుగువారిలో అన్నదానమును కొనియాడనివారు అరుదు. సత్రములు కట్టించినవారి పేర్లు ఱాళ్లమీద చెక్కబడినవి. నిత్యాన్నదానములకు మాన్యములు వ్రాసియిచ్చినవారి వంశములు నేటికిని స్మరింపబడుచున్నవి. అయితే ఆ అన్నముతో కూర యేమి వడ్డించిరి, ఆ కూరకు డబ్బెవరిచ్చిరి, ఆ డబ్బునకు లెక్క యెవరు వ్రాసిరి, సత్రమువఱకు నడువలేని ముదుసలి యేమి తిని బ్రదికెను అను ప్రశ్నలను మనవారు తఱచుగా వేసికొనలేదు. దాత పేరు చరిత్రకెక్కును, పద్దుపుస్తకము చెదలపాలగును. మేమీ వ్యాసమున దాతను కొంచెము ప్రక్కనుంచి పద్దును చూడదలచితిమి. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు అను మూడు తావులను కన్నులయెదుట నుంచుకొని, బీదవృద్ధులకు కూరగాయలును పండ్లును అందించు విషయమున మన సంఘమును మన ప్రభుత్వములును ఏమి చేసినవో, ఏమి చేయక విడిచినవో చదువరులకు విన్నవించెదము.

ఈ తలపు మాకు పుస్తకములవలన కలుగలేదు. మా వీధి చివర నొక వితంతువు కలదు. డెబ్బది యేండ్లు దాటినది. ప్రతిదినమును దీపాలవేళకు సంచి పట్టుకొని మలుపుకడ కూరలబండియొద్ద నిలుచును. పగలెల్ల అమ్ముడుపోక వాడిన వంకాయలను, మచ్చపడిన దొండకాయలను బండివాడు కుప్పగా పోసి పదిరూపాయలకు ఇచ్చివేయువేళ అది. ఒకనాడు మేము ఉండబట్టలేక, “మామ్మగారూ, రైతుబజారులో మంచి కూరలు చవకగా దొరుకుతాయి కదా, అక్కడ తెచ్చుకోరాదా?” అంటిమి. ఆమె నవ్వి, “బియ్యానికి లోటు లేదు మాస్టారూ, ఆ మాట అబద్ధమాడకూడదు. కూరకే వచ్చింది చిక్కు. రైతుబజారు చవకే, కాదనను. ఆటోకి రానూ పోనూ నలభై యిచ్చి పది మిగుల్చుకోడానికి వెళ్లమంటారా?” అనెను. మేము బడిలో పిల్లలచేత లాభనష్టముల లెక్కలు చేయించువారమే. ఆమె రెండు మాటలలో చెప్పిన లెక్కకు మాత్రము మాయొద్ద జవాబు లేకపోయెను. ఈ వ్యాసమంతయు ఆ జవాబును వెదకుటయే.

పూర్వకాలమున ప్రభుత్వపు సాయము లేకయే పల్లెలలో కొన్ని మర్యాదలు సాగుచుండెను. కోతలైన పిమ్మట చేలలో రాలిన వెన్నుల నేరుకొనుటను పరిగె యందురు. పరిగె పేదలది, అందును ముసలివారిది, పిల్లలది. కల్లములో రాసి కొలిచినపుడు చాకలికి, మంగలికి, కమ్మరికి మేరలుండెను. సంతలో బేరము తెగిన తరువాత అమ్మినవాడు చేతికందిన గుప్పెడు కొసరు వేయుచుండెను. పరిగెకు దరఖాస్తు లేదు. కొసరునకు వేలిముద్ర లేదు. ఇవి మన పల్లెల వృద్ధపోషణ పద్ధతులని చెప్పవచ్చును.

అయినను మేము వీనిని అతిగా పొగడము. పరిగె ఆసామి దయమీద నిలిచినది. మేర కులవృత్తినిబట్టి వచ్చునది. వృత్తి చేయు మగవాడు పోయిన పిమ్మట ఆ యింటి ముసలిదాని మేర ఏమయ్యెనని అడుగువారు లేకుండిరి. పెక్కుసత్రములలో పంక్తులు కులమునుబట్టి సాగినవి, ఆకలినిబట్టి సాగలేదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చినవారిని కులమడుగక అన్నము పెట్టిరని నేటికిని గోదావరి మండలమున చెప్పుకొనుచున్నారన్న, తక్కినచోట్ల అడుగుచుండిరనియే గదా అర్థము! ఆమె పేరును 2024 లో మన ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు పెట్టినది. అది తగిన గౌరవమే. కాని బడియీడు పిల్లవానికి నేడు చట్టబద్ధముగా దొరకు వండిన భోజనము వాని అవ్వకు దొరకుటలేదు.

ఆ మర్యాదలును ఇప్పుడు చెల్లిపోయినవి. కోతయంత్రము నడిచిన చేనిలో ఏరుకొనుటకు వెన్ను మిగులదు. ముందే తూచి సంచులలో కట్టిన కూరలకు కొసరు లేదు. దయమీద నిలిచినది దయతోనే పోయినది. దాని స్థానమున హక్కుగా నిలువదగినది ఏది యని చూడవలెను.

ప్రభుత్వము వృద్ధుని మొదట గుర్తించినది కఱవులలో. 1832–33 లో గుంటూరు సీమను నందన కఱవు పాడుచేసెను. కృష్ణాగోదావరీ మండలముల దుస్థితిని చూచిన పిమ్మటనే ఆర్థరు కాటను ధవళేశ్వరపు ఆనకట్టను 1847 లో మొదలిడి 1852 నాటికి ముగించెను. ఆ వెనుక కాలువలు సాగినవి. కృష్ణకాలువయు గోదావరికాలువయు వచ్చి మా యేలూర కలిసినవి. నీరు వచ్చినది, వరి పండినది, కఱవు వెనుకకు పోయినది. దేశమున మఱియొకవంక 1876–78 నాటి మహాక్షామము లక్షలకొలది ప్రజలను బలిగొనగా, 1880 లో క్షామవిచారణసంఘము తన నివేదికను వెలువరించెను. అందులోని ముఖ్యసూత్రము చదువరులు గమనింపదగినది: పని చేయగలవారికి పని చూపి కూలి యీయవలెను, ముసలితనమువలనను వ్యాధివలనను పని చేయలేనివారికి వారి గ్రామమునందే ఉచితముగా గ్రాసమీయవలెను. అనగా ముదుసలిని దూరపు శిబిరమునకు నడిపింపరాదనియు, సాయమే ఆమె యూరికి నడిచి రావలెననియు ఆనాటి అధికారులే గ్రహించిరి. కాని ఆ గ్రాసము కఱవును ప్రకటించినపుడే. ప్రకటన లేని యేట ముసలిదాని ఆకలి ఆమె సొంతవిషయమే యయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పద్దు క్రమముగా పెఱిగినది. 1983 లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండురూపాయల బియ్యమును మొదలుపెట్టెను. 1995 ఆగస్టు 15 నాడు కేంద్రప్రభుత్వము జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును ప్రారంభించి, 65 ఏండ్లు నిండిన నిరాధారవృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను ఏర్పఱచెను. 2000 ఏప్రిల్ 1 నాడు అన్నపూర్ణ యను పథకము వచ్చినది. పింఛనుకు అర్హతయుండియు పొందజాలని వృద్ధులకు నెలకు 10 కిలోల ధాన్యము ఉచితముగా నిచ్చుట దాని యుద్దేశము.

ఈ అన్నపూర్ణ చరిత్రము నిధికిని నిర్వాహమునకును గల సంబంధమును చక్కగా తెలుపుచున్నది. అర్హులై పింఛను రానివారిలో నూటికి 20 మందిని లక్ష్యముగా పెట్టుకొనిరి. తక్కిన 80 మంది మాట పథకములోనే లేదు. పింఛను వచ్చిన మఱునాడే బియ్యము ఆగిపోవలెను. ఒక్క చేతికి రెండును ఈయరాదని నియమము. డబ్బు గ్రామీణాభివృద్ధిశాఖది, ధాన్యము ఆహారసంస్థది, పంపిణీ రాష్ట్రపు పౌరసరఫరాలవారిది, పేర్ల యెంపిక గ్రామపంచాయతీది. 2002–03 లో ఇది రాష్ట్రప్రణాళికలో కలిసిపోయినది. నలుగురి చేతులమీదుగా నడిచిన పథకమునకు కన్నవారెవరో పెంచినవారెవరో తెలియకపోయెను. ఈలోపల పౌరస్వేచ్ఛల సంఘమువారు తెచ్చిన వ్యాజ్యములో 2001 నవంబరు 28 నాడు సుప్రీముకోర్టు ఉత్తర్వు చేసి, ఇట్టి ఆహారపథకములు అధికారుల అనుగ్రహములు కావనియు పొందువారి హక్కులనియు నిలిపినది. వృద్ధుల పింఛను ప్రతినెల 7వ తేదీలోగా ముట్టవలెననికూడ అందులో చెప్పిరి. తేదీ నిర్ణయించుట చిన్నమాటవలె కానవచ్చును. కాని మందుల దుకాణమున అరువున్న ముసలివానికి ఆ తేదీయే పథకము.

2013 లో జాతీయ ఆహారభద్రత చట్టము వచ్చినది. మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము చట్టపు హక్కైనది. 2023 జనవరినుండి అది ఉచితమైనది. మన రాష్ట్రమున వృద్ధుల పింఛను 2024 లో 4,000 రూపాయలైనది. నెల మొదటి దినముననే ఇంటికి తెచ్చి యిచ్చుచున్నారు. 2025 జూన్ నుండి 65 ఏండ్లు దాటినవారికి రేషను బియ్యమునుకూడ గడపకు చేర్చు ఏర్పాటు చేసిరి. 75 రూపాయలనుండి ఇంతవఱకు వచ్చుట గొప్పయే. మేము దానిని తక్కువ చేయము.

అయితే ఈ ముప్పది యేండ్ల పద్దులో ఎక్కడను కూరగాయ యను మాట లేదు. బియ్యము కడుపు నింపును, నెత్తురును బాగుచేయజాలదు. ఈ విషయమున మన మండలపు బిడ్డయే ప్రపంచమునకు పాఠము చెప్పెను. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు 1945 లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆ పేరు ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి వచ్చినది. 1941 లో పాలకూరనుండి దానిని వేఱుచేసినవారు అట్లు పెట్టిరి. అది లోపించిన నొకవిధమగు పాండురోగము కలుగును. మనిషి దినమునకు కనీసము 400 గ్రాముల కూరలును పండ్లును తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అన్నములో పచ్చడి నంజుకొని లేచు మన ముదుసళ్లకు ఈ లెక్క చదివి వినిపించిన, వారు మనలనే జాలిగా చూతురు.

ఇక రైతుబజారు కథ. పంజాబులో 1987 లో అప్నీమండీ యను పేర రైతులే కూరలు తెచ్చి అమ్ముకొను అంగళ్లు పుట్టినవి. ఆ త్రోవలోనే 1999 జనవరి 26 నాడు నారా చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము మన రాష్ట్రమున రైతుబజారులను స్థాపించెను. దళారిని తొలగించి, పండించినవానికి కొంత యెక్కువయు కొనువానికి కొంత తక్కువయు అగునట్లు చేయుట దీని మూలసూత్రము. స్థలములును షెడ్లును చాలవఱకు వ్యవసాయ మార్కెటు కమిటీల నిధులతో ఏర్పడినవి. నిజమైన సాగుదారునకే గుర్తింపుకార్డు ఇత్తురు. అతనియొద్ద అంగడికి అద్దె తీసికొనరు. ఎస్టేటు ఆఫీసరు అను ఉద్యోగి యుండి, ప్రతియుదయమును రైతులతో కూర్చుండి టోకుధరకు పైగాను బయటి చిల్లరధరకు లోపుగాను ధరలు నిర్ణయించి పలకమీద వ్రాయించును. ఏలూరి పత్తేబాదలోని రైతుబజారున తెల్లవాఱుచుండగనే ఆ పలకను చూచిన, మన దేశమున లెక్క బహిరంగముగా వ్రాయబడు తావులు కొన్నియైనను కలవని సంతోషము కలుగును.

కాని ఆ పలకముందు నిలుచువారెవరో చూడుడు. మోటారుసైకిలుగల ఉద్యోగి, సంచితో వచ్చిన గృహిణి, పెండ్లికి కూరలు కొనువంటవాడు. వృద్ధులు కలరు, వారు దగ్గఱి వీధులవారు, నడువగలవారు. రైతును తలచి ఈ బజారు పుట్టినది, కొనువానినిగూడ తలచినది. కొనువారిలో కాలు కదుపలేనివారు, చేత డబ్బాడనివారు ఉందురని దాని నియమములలో ఎవరును తలచినట్లు లేదు. ఒకవంక పింఛనును బియ్యమును, మఱియొకవంక రైతుబజారును: రెండును ప్రభుత్వమువే, రెండును మంచివే. కృష్ణయు గోదావరియు కలిసిన మా యూర ఈ రెండు కాలువలు మాత్రము కలియలేదు.

అవి కలిసినట్లు కానవచ్చినది ధరలు మండినపుడు మాత్రమే. ఉల్లిధర పెఱిగిన 2015 లో కిలో 20 రూపాయలకును, 2019 చివరలో 25 రూపాయలకును రాష్ట్రప్రభుత్వము నష్టమునకు ఓర్చి రైతుబజారులలో ఉల్లి అమ్మించెను. 2023 జూలైలో టమాటాలను కిలో 50 రూపాయల కిచ్చిరి. ఉల్లికి తాడేపల్లిగూడెము పేరుపొందిన టోకుబజారు. కర్నూలునుండియు మహారాష్ట్రమునుండియు వచ్చిన లారీలు అక్కడ దిగును. మేమొకపరి పోయినపుడు బస్తాలు దింపినచోట రాలిన ఉల్లిని ముగ్గురు వృద్ధస్త్రీలు కొంగులలో ఏరుకొనుచుండిరి. పరిగె చేలలో పోయి టోకుబజారులో మిగిలినదని మా మనసునకు తోచెను.

2019 ఉల్లి అమ్మకములో సహాయము అందఱికిని సమానము: వరుసలో నిలిచినవారికి మనిషికొక కిలో. సమానమను మాట వినుటకు ఇంపుగా నుండును. కాని వరుస అనునది కాళ్లబలమునకు పరీక్ష. ఆ డిసెంబరులో కొల్లేటికి నైరుతిమూలగా నున్న గుడివాడ రైతుబజారులో ఉల్లివరుసలో నిలిచిన పెద్దవయసు మనిషి యొకడు కుప్పకూలి మరణించెను. మరణమునకు కారణమేమని రాజకీయపక్షములు వాదించుకొన్నవి. మేమా వాదమున దిగము. గుండెజబ్బుండవచ్చును. కాని కిలో ఉల్లికొఱకు ఆ వయసువాడు వరుసలో నిలువవలసివచ్చుటకు గుండెజబ్బు కారణము కాదు. పని చేయలేనివారికి ఊరిలోనే గ్రాసమీయవలెనని 1880 లో వ్రాసిన సూత్రమును 2019 లో మఱచితిమనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కొల్లేటి లంకలలో ఈ కష్టము మఱింత చిక్కనైనది. తమ్మిలేరును బుడమేరును వచ్చి కలియు ఆ సరస్సునుండి ఉప్పుటేఱు నీటిని సముద్రమునకు కొనిపోవును. 1999 లో అయిదవ కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించిరి. 2006 లో అందులోని చేపలచెఱువులను గండ్లుకొట్టి తొలగించిరి. పక్షికిని నీటికిని అది మేలో కాదో పండితులు చెప్పుదురు గాక. లంకలలోని ముదుసలికి మాత్రము చుట్టును నీరు, లేదా చెఱువు. కూరపాదు పెట్టుటకు ఇంటివెనుక నాలుగడుగుల మెరక. చేప దొరకును, తోటకూర దొరకదు. కూరలు కైకలూరునుండియో ఏలూరునుండియో రావలెను. వచ్చుసరికి ధర యెక్కును, ఆకు వాడును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటికి చేరినపుడు లంకలకు దారులే మునిగినవి. అట్టి గ్రామమున కూర్చున్న వృద్ధునకు పత్తేబాద ధరలపలక చంద్రునిలో కుందేలువంటిది: కనబడును, చేతికి రాదు.

ఇతరదేశములవారు ఈ రెండు కాలువలను కలుపుటకు యత్నించిరా యని మేము విచారించితిమి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1992 లో బీద తల్లులకును పసిపిల్లలకును రైతుల అంగళ్లలో మాత్రమే చెల్లు చీటీల పథకము చట్టమైనది. 2001 లో దానినే వృద్ధులకు పరీక్షగా విస్తరించి, 2002 నాటి వ్యవసాయచట్టమున స్థిరపఱచిరి. 60 ఏండ్లు నిండి, ఆదాయము బీదఱికపు గీతకు నూటికి 185 పాళ్లు మించనివారు అర్హులు. 2006 నాటి నియమములనుబట్టి ఒక్కొక్కరికి ఋతువునకు 20 మొదలు 50 డాలర్లవఱకు చీటీలిచ్చిరి. ఆ చీటీకి కూరలు, పండ్లు, వంటకు వాడు పచ్చియాకులు మాత్రమే వచ్చును. 2008 లో తేనెను చేర్చిరి. ఆ యేటి చట్టమే సాలుకు 2 కోట్ల 6 లక్షల డాలర్లు కేటాయించెను. సొమ్ము కేంద్రము రాష్ట్రములకిచ్చును. అందులో నూటికి 10 పాళ్లకు మించి నిర్వాహమునకు వ్రాయరాదు. రైతు తాను తీసికొన్న చీటీలను అప్పగించి డబ్బు పొందును.

ఇందులోని తెలివి యేమనగా ఒక్క రూపాయి రెండు పనులు చేయుట. వృద్ధునిచేతిలో అది కూర. అదే చీటీ రైతుచేతిలో అమ్మకము. లోపములును లేకపోలేదు. ఋతువంతటికి 50 డాలర్లన్న అతిస్వల్పము. సొమ్ము తఱిగిన పిమ్మట వచ్చినవారికి లేదనుట కలదు. చీటీ యుండియు అంగడికి పోవు బండి లేక చీటీని దాచుకొన్న ముసలివారును అక్కడ కలరు. మా మామ్మగారి ఆటోలెక్క సముద్రమున కావలనుకూడ చెల్లుచున్నదన్నమాట.

మనకు తగిన మార్గమేది? మొదట పద్దు. ఒక మండలమున వేయిమంది బీదవృద్ధులున్నారనుకొందము. దినమునకు 400 గ్రాముల చొప్పున వారమునకు 2 కిలోల 800 గ్రాములు. కిలో సగటున 35 రూపాయలనుకొన్న 98 రూపాయలు, నూఱనుకొందము. వేయిమందికి వారమునకు లక్ష. సాలుకు 52 లక్షలు. అమెరికావారి కొలతనే నిర్వాహమునకు నూటికి పది కలిపిన 5 లక్షల 20 వేలు. ఇది మేము వేసిన ఊహాలెక్కయే కాని ప్రభుత్వపు లెక్క కాదు. మోతాదు తెలియుటకే వేసితిమి.

ఈ సొమ్ము మార్కెటు కమిటీలు వసూలుచేయు రుసుమునుండి తీయరాదా యని కొందఱు మిత్రులు మమ్మడిగిరి. తొందరపడరాదు. 1966 నాటి మార్కెట్ల చట్టముక్రింద వసూలగునది రుసుము, పన్ను కాదు. మన రాష్ట్రమున ఆ రుసుమును నూటికి అర్ధరూపాయినుండి రూపాయికి పెంచినపుడు వర్తకులు వ్యాజ్యము తేగా, 1983 లో శ్రీనివాస జనరల్ ట్రేడర్సు తీర్పున సుప్రీముకోర్టు పెంపును నిలిపినది. అయినను రుసుము మార్కెటు సేవలకే వినియోగపడవలెనను సూత్రము చట్టములో నున్నది. కావున షెడ్డు, త్రాసు, నీడ, కూరలబండి మార్కెటు పద్దున వ్రాయవచ్చును. చీటీసొమ్ము ఖజానానుండియే రావలెను. ఈ తేడాను మొదటనే పాటింపకున్న, పథకము మొదటి వ్యాజ్యమునకే కూలును.

పిమ్మట నిర్వాహము. అర్హుల జాబితా క్రొత్తగా వ్రాయనక్కఱలేదు. పింఛను పొందువారి జాబితా సచివాలయములో నున్నది. పింఛను తెచ్చునాడే నాలుగు చీటీలుకూడ తేవచ్చును. వేలిముద్ర యంత్రమును నమ్ముకొనరాదు. ఏండ్లతరబడి నాట్లువేసి, వలలులాగి, గిన్నెలుతోమి అరిగిన వ్రేళ్లను ఆ యంత్రము గుర్తింపకపోవుట రేషనుదుకాణములలో చూచుచునే యున్నాము. అన్నిటికంటె ముఖ్యముగా బజారు కదలవలెను. ఇది అసాధ్యమందురా? 2020 లో కరోనా కట్టడివేళ మన రాష్ట్రముననే రైతుబజారులను విడదీసి మైదానములలో నిలిపిరి. సంచార రైతుబజారులను వీధులకు పంపిరి. రోగభయముచేత ఆరోగ్యవంతులకొఱకు చేసిన పనిని, దయచేత వృద్ధులకొఱకు వారమున కొకపరి చేయలేమా?

పింఛను 4,000 ఇచ్చుచుండగా వేఱే చీటీలేల యని ఆక్షేపింతురు. పింఛను అవసరమే, కాని అది ఇంటి అద్దెకు, మందులకు, మనుమని ఫీజుకు పోవును, మిగిలినది కూరకు. తనపాలు తాను తగ్గించుకొనుట మన ముసలి స్త్రీలకు అలవాటైన విద్య. చీటీ కూరగా తప్ప మాఱదు గనుక అది ఆమె పళ్లెమువఱకు వచ్చును. చీటీలను అమ్ముకొందురని మఱియొక ఆక్షేపము. కొందఱు అమ్ముకొందురు. పరిగె గింజలనుకూడ అమ్ముకొనినవారుండిరి; అందుకని ఏ ఆసామియు చేనికి కంచె వేయలేదు. పిల్లలే తల్లిదండ్రులను చూచుకొనవలెను గదా యని మూడవ మాట. అవును, చూచుకొనవలెను. 2007 లో దానికి చట్టమును చేసికొంటిమి. కొడుకు పోయినదానికిని, కొడుకే కూలిలేక వలసపోయినదానికిని ఆ చట్టము కూర వండిపెట్టదు.

మేము చరిత్రమును త్రవ్వి చూచిన కొలది ఒక్కటే విషయము తేలినది. మన దేశమున ముసలివారు దాతలు లేక పస్తుండుట కంటె, సాయమునకును తమ గడపకును నడుమనున్న దూరమువలన పస్తుండుట యెక్కువ. సత్రమునకు దారి దూరము, పంక్తిలో కులము దూరము, శిబిరము దూరము, వరుస దూరము, బజారు దూరము. బియ్యమును పింఛనును ఆ దూరమును దాటించుటకు మనకు ముప్పదియేండ్లు పట్టినది. కూరను దాటించుటకు మఱి ముప్పదియేండ్లు పట్టరాదు. అంతకాలము ఆగువయసు వారిది కాదు.

ఈ పత్రికను చదువు గృహస్థులు ప్రభుత్వమువైపు చూచుచు కూర్చుండనక్కఱలేదు. రైతుబజారునకు పోవునపుడు వీధిలోని యొక వృద్ధుని సంచినికూడ తీసికొనిపోవుట కెవరి యుత్తర్వును అక్కఱలేదు. మేము గడచిన మూడు నెలలుగా ఆదివారమునాడు మామ్మగారి సంచి తీసికొని పోవుచున్నాము. ఆమె డబ్బు లెక్కపెట్టి యిచ్చును. మేము పలకమీది ధరలు కాగితమున వ్రాసి తెచ్చి చిల్లర అప్పగింతుము. మొన్న ఆమె కాగితమును చేతిలోనికి తీసికొని, “నాలుగురోజులదాకా గోంగూర, బెండకాయలు. మా వీధిలో యింకా ఆరుగురున్నారు మాస్టారూ, వాళ్ల సంచులెవరు మోస్తారు?” అని అడిగెను. ఆ ప్రశ్నను చదువరులకును, పద్దులు వ్రాయు అధికారులకును అప్పగించి విరమించుచున్నాము.